నమూనా ఫైలులో అత్తగారు

ఆ ఉదయం పళ్ళ డాక్టరు అనుకున్నది ఒక్కటే. హెడ్మిస్ట్రెస్ వచ్చి వెళ్ళేదాకా క్లినిక్‌లో ఎవరూ ఉండకూడదు. వీధి చివరి స్కూలు తన పిల్లల పళ్ళ పరీక్షలు ఎవరికి అప్పగించాలో ఆవిడ ఆ రోజు తేలుస్తారు. ఇక్కడికే ఇస్తే క్లినిక్ నిలబడుతుంది. ఇవ్వకపోతే డాక్టరు బోర్డు దింపి, ఏ ఆసుపత్రిలో తగాదా పడి బయటికొచ్చిందో ఆ ఆసుపత్రికే వెళ్ళి ఉద్యోగం అడగాలి.

ఏ పేషెంటు ఎప్పుడు రావాలో మెసేజ్ పంపేది ఒక ప్రోగ్రామ్. డాక్టరు భర్త దాన్ని పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాశాడు. అది పొద్దున్నే సెట్టింగుల ఫైలు తెరిచి, క్లినిక్ ఎన్నింటికి మొదలవుతుందో, ఎవరెవరు రావాలో చదువుకుని పని మొదలుపెడుతుంది. ఫైలు నింపేది డాక్టరు. ఆ రోజు ఆమె 'మొదలయ్యే గంట' అన్న చోట అంకె తీసేసి 'హెడ్మిస్ట్రెస్ వెళ్ళాక' అని రాసి, తెల్లకోటు భుజాన వేసుకుని బయల్దేరింది.

రిసెప్షన్ అమ్మాయి గుమ్మం బయటే నిలబడి ఉంది.

"లోపల మీ అమ్మగారున్నారు మేడమ్. నా కుర్చీలో కూర్చున్నారు. లెమ్మనే ధైర్యం నాకు లేదు."

తల్లి ఫోన్ కూతురి ముఖం ముందు పెట్టింది. అందులో క్లినిక్ పేరుతో మెసేజ్ ఉంది. 'మీ చికిత్స: పై వరస మొత్తం పీకడం. మత్తు: అక్కర్లేదు. ముగింపు: నోరు పడిపోయాక.'

"ఇది నేను పంపలేదమ్మా."

"నీ క్లినిక్ పేరే కదే ఉంది. నా నోరు పడిపోవాలని కోరుకునేది ఎవరో నాకు తెలియదా? పిలువు మీ ఆయన్ని."

పక్కనే డాక్టరు అక్క, బావగారు ఉన్నారు. బావగారి ఫోన్లోనూ మెసేజ్ వచ్చింది. 'మీ చికిత్స: నాలుకకు క్లిప్పు. కారణం: కోతలు.'

"నేను కోతలు కోస్తానా? ఎప్పుడు కోశానో చెప్పమను," అన్నాడు బావగారు.

"పోయిన వారం పెళ్ళిలో," అంది అక్క.

"నువ్వు ఎవరి తరఫున వచ్చావసలు?"

వాళ్ళ తగాదా విడిగా మొదలైంది. ఈలోగా అసలు పేషెంట్లు ఒక్కొక్కరే లోపలికి రావడం మొదలుపెట్టారు. మెసేజ్ రాలేదేమిటో కనుక్కోవడానికి వచ్చారు. కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఎవరూ వెళ్ళే ఉద్దేశంలో లేరు. పెళ్ళిలో బావగారు కోసిన కోతల సంగతి సగంలో ఉంది.

ఫోన్ చేయగానే భర్త వచ్చాడు. లాప్‌టాప్ తెరిచి చూశాడు. అతనికి విషయం వెంటనే అర్థమైంది. అర్థమైనట్టు ముఖంలో కనిపించడమే అతను చేసిన పొరపాటు.

"గంట దగ్గర అంకె ఉండాలి. నువ్వు మాట రాశావు. ప్రోగ్రామ్ ఫైలు మొత్తం సరిచూసుకుంటుంది. ఒక్క గడి తప్పినా ఆ ఫైలు తీసుకోదు."

"తీసుకోకపోతే ఆగిపోవాలి. మా అమ్మ పళ్ళు పీకుతాననడమేంటి?"

"పోయిన నెల తేదీ ఖాళీగా వదిలేస్తే ఆగిపోయిందా? ఆరోజు ఏమన్నావు? ఏం జరిగినా ఆగకూడదన్నావు. గిన్నె విసిరేసి మరీ అన్నావు. అందుకని, అసలు ఫైలు బాగోకపోతే నమూనా ఫైలు తీసుకోమని రాశాను."

"ఆ నమూనాలో మా వాళ్ళెందుకున్నారు?"

"పరీక్షించడానికి ఏవో పేర్లు, నంబర్లు కావాలి కదా. తెలియని వాళ్ళ నంబర్లు పెడితే తప్పని..."

"మీ అమ్మగారి నంబరు పెట్టొచ్చుగా?"

"ఆవిడకి కోపమొస్తుంది."

ఆ మాటతో అతని అత్తగారు లేచారు. ఆవిడకు కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. "అల్లుడుగారూ, తమరు పిలిపించారు, మేము వచ్చాం. పళ్ళు పీకించుకునే వెళ్తాం," అని లోపలికి వెళ్ళి పేషెంటు కుర్చీలో పడుకుని నోరు తెరిచారు.

డాక్టరు మూయమంది. ఆవిడ మూయలేదు. డాక్టరు విసురుగా లైటు ఆవిడ ముఖం మీదికి లాగింది, లోపలికి చూసింది, చూస్తూ ఉండిపోయింది. వెనక దంతం ఒకటి పుచ్చి, చిగురు దగ్గర చీము పట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి నొప్పి? నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అరుస్తావని."

"ఇది ఇవాళే తీయాలి."

"నొప్పి పుడుతుందా?"

"పుడుతుంది. సూది గుచ్చుకుంటుంది. రాత్రికి దవడ వాస్తుంది. ఇంకా వదిలేస్తే ఇంతకు పదింతలు నొప్పి. మధ్యలో అరిస్తే నా చెయ్యి కదులుతుంది. అరవకు."

ఆవిడ అరవలేదు. బావగారు తెర సందులోంచి చూసి, చూడకుండా ఉండాల్సిందనుకుని వెనక్కి వచ్చాడు. ట్రేలో పన్ను పడిన చప్పుడయ్యాక, గోడకు ఆనుకుని ఉన్నవాళ్ళలోంచి ఒకావిడ ముందుకు వచ్చారు. ఆవిడే హెడ్మిస్ట్రెస్. ఆవిడ ఎప్పుడు వచ్చారో ఎవరూ చూడలేదు.

డాక్టరు చేతి తొడుగులు తీసేసింది. "ఇంతసేపూ ఇక్కడే ఉన్నారా?"

"గిన్నె విసిరిన సంగతి దగ్గర్నుంచి."

డాక్టరు ఇక దింపాల్సిందే అనుకుంటూ గోడ మీది బోర్డు వైపు చూసింది.

"నేను చూసిన క్లినిక్కులన్నీ అస్సలు నొప్పుండదన్నాయి," అన్నారు హెడ్మిస్ట్రెస్. ఆవిడ గొంతులోనూ కోపమే ఉంది. "పిల్లలు ఆ మాట ఒకసారి నమ్ముతారు. మర్నాడు మళ్ళీ డాక్టరు దగ్గరికి బయల్దేరదీయడానికి నేను చావాలి. మీరు కన్నతల్లికి కూడా అబద్ధం చెప్పలేదు. సోమవారం మొదటి తరగతిని పంపిస్తాను. ఆ మెసేజ్‌ల మిషను మాత్రం మా పిల్లల జోలికి రాకూడదు."

సాయంత్రానికి భర్త ప్రోగ్రామ్ మార్చాడు. ఫైలులో తప్పుంటే ఇప్పుడది ఆగిపోతుంది, ఎక్కడ తప్పో చెబుతుంది. నమూనా ఫైలులో అన్ని వరసల్లోనూ అతని నంబరే ఉండాలని డాక్టరు పట్టుబట్టి, దగ్గర కూర్చుని మార్పించింది. బావగారు ఇంకా క్షమాపణ కోసం ఎదురుచూస్తున్నాడు.

అత్తగారు ఇక జన్మలో అల్లుడితో మాట్లాడనని కబురు పంపారు. అది శిక్ష అని అనుకుంటున్నది ఆవిడ ఒక్కరే.