హారన్ ఆగని వ్యాను

ఆదివారం పొద్దున ఆరున్నరకు మార్కాపురంలో బయల్దేరితే ఎనిమిదింటికల్లా గిద్దలూరులో ఉండొచ్చునని పాత్రల కొట్టు చెన్నకేశవులు అనుకున్నాడు. కూతురు నాగమల్లేశ్వరి టీచరు పరీక్ష రాయాలి. తొమ్మిదికి గేటు మూస్తే ఆపైన ఎవరు మొత్తుకున్నా తీయరు. రెండేళ్లు రాత్రింబవళ్లు చదివిన పిల్ల!

పద్దెనిమిదేళ్ల నాటి వ్యాను ఇంటి ముందు సిద్ధంగా ఉంది. చెన్నకేశవులు తల్లి తులసమ్మ దానికి కొబ్బరికాయ కొట్టింది. ఆ నీళ్లు నేలపాలు చేయడం ఆమెకు మనసొప్పలేదు. "బండికి చలవ చేస్తది నాయనా" అంటూ బానెట్ ఎత్తించి మరీ లోపల వైర్ల మీదంతా పోసింది. తర్వాత తానూ ఎక్కి కూర్చుంది. మనవరాలిని పంపించి ఇంట్లో కూర్చునే రకమా ఆమె!

ఊరు దాటాక ఇండికేటరు వేస్తే వైపర్లు ఊగాయి. వైపర్లు ఆపితే హెడ్‌లైట్లు వెలిగాయి. లైట్లు ఆర్పబోతే నాలుగు మూలలా ఇండికేటర్లు టపటపమన్నాయి. ఇంతలో గొర్రెల మంద అడ్డమొచ్చింది. చెన్నకేశవులు బ్రేకు తొక్కితే హారన్ మోగింది. కాలు తీసినా మోగుతూనే ఉంది.

"ఏంది సామీ ఆ కూత? గొర్రెలు బెదురుతాండాయి!" అని అరిచాడు కాపరి ఓబులయ్య.

"నేను కాదన్నా, అదే కూస్తాంది!"

బెదిరిన గొర్రెలు వ్యాను చుట్టూ గుంపుగట్టి ఇరవై నిమిషాలు కదల్లేదు.

సగం దారిలోని కంభం చేరేసరికి ఎనిమిది కావస్తోంది. పట్టపగలు లైట్లు, ఆగని హారన్, వెనక సీటులో కళ్లు మూసుకుని దేవుడికి మొక్కుకుంటున్న ముసలమ్మ. కానిస్టేబుల్ గిద్యోను ఒక్క చూపులో తేల్చేశాడు, ఇది ప్రాణం మీదికొచ్చిన కేసని. ఆటోలను పక్కకు తప్పించి, మోటారు సైకిలు మీద ముందు నడిచి, వ్యానును తిన్నగా ఆస్పత్రి మెట్ల దాకా పట్టుకుపోయాడు. చెన్నకేశవులు కేకలు హారన్‌లో కలిసిపోయాయి. స్ట్రెచరు కూడా వచ్చింది.

"పేషెంటు ఎవరు?" అని అడిగాడు స్ట్రెచరు తెచ్చిన వార్డుబాయి.

"ఎవరూ లేరు సార్. వైర్లు..." అన్నాడు చెన్నకేశవులు.

గిద్యోను మొహం కందగడ్డయింది. "ఊరంతా నిలబెట్టించినావే! పద, బండి స్టేషనుకు తోలు!"

నాగమల్లేశ్వరి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు దిగింది తులసమ్మ. కళ్లద్దాలు మనవరాలి చేతిలో పెట్టి, కొంగు సర్దుకుని, దర్జాగా స్ట్రెచరెక్కి పడుకుంది.

"పేషెంటును నేనే నాయనా. గుండె దడదడమంటాంది. ఒరే చెన్నా, పిల్లను తీసుకోని పో."

"అమ్మా, నిన్నిట్ల ఒదిలేసి..."

"పోరా! నేనేమన్నా పారిపోతానా?"

డెబ్బై నాలుగేళ్ల మనిషి! ఎంత నాటకం, ఎంత గుండె! తల్లిని చూసి చెన్నకేశవులు ఒళ్లు పులకరించింది. గిద్యోను గొంతు కూడా మెత్తబడింది. "పో అన్నా. అమ్మను నేను చూసుకుంటా."

హారన్ ఆగనందుకే మేలైంది. లారీలు, బస్సులు వాటంతటవే తప్పుకున్నాయి. ఇంకా ఆరు నిమిషాలుందనగా నాగమల్లేశ్వరి గేటు లోపలికి పరుగెత్తింది.

పరీక్షయ్యాక తండ్రీకూతుళ్లు కంభం వచ్చారు. అబద్ధమాడినందుకు ఏమని క్షమాపణ చెప్పాలో చెన్నకేశవులు దారిపొడవునా వల్లించుకున్నాడు. డాక్టరమ్మ నోరు తెరవనివ్వలేదు. "బీపీ రెండువందల పది! ఇంకా ఆలస్యమైతే పక్షవాతం వచ్చేది. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు మీరు?"

చెన్నకేశవులు మంచం దగ్గరికి పోయి తల్లి చేయి పట్టుకున్నాడు.

"మూడు దినాల నుంచి దడగానే ఉండాదిరా. చెప్తే పరీక్ష మానిపిస్తావని చెప్పలా" అని, మనవరాలి వైపు తిరిగింది తులసమ్మ. "అన్నీ రాసినావా తల్లీ?"

ఇంట్లో ఇంతమంది ఉండి, ఆమెకు బాగాలేదని అరిచి చెప్పింది ఆ వ్యానొక్కటే.