ఊరు చుట్టొచ్చిన ఖాళీ

ఆ శనివారం పొద్దున్న ఓరెస్ట్ కొవాల్చుక్ పెట్టుకున్న పనులు మూడే. కాఫీ తాగడం, కంప్యూటరు శుభ్రం చెయ్యడం, సాయంత్రం నాలుగింటికల్లా ముప్ఫై రెండు జట్ల జాబితా అచ్చు తీసి ఐస్‌హాలు గోడకు అంటించడం. వీటిలో కాఫీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

మానిటోబా రాష్ట్రంలో ఉన్న మా స్వాన్‌ఫోర్డ్ ఊరికి ఫిబ్రవరిలో ఉన్న ఒకే పండగ కర్లింగ్ పోటీలు. మంచు మీద రాళ్ళు జార్చి ఆడే ఈ ఆట కోసం వంద కిలోమీటర్ల అవతలి నుంచి కూడా ట్రక్కులేసుకుని వస్తారు. ఎవరు ఎవరితో ఏ వేళకు ఆడాలో తేల్చే జాబితా పద్నాలుగేళ్ళుగా ఓరెస్ట్ చేతిలోనే ఉంది. మూడేళ్ళ కిందట చలికాలమంతా ఒక లావుపాటి పుస్తకంతో కుస్తీ పట్టి, ఆ జాబితా వేసే ప్రోగ్రాము తనే రాసుకున్నాడు. ధాన్యం గోదాములో ఉద్యోగం చేసి రిటైరైన మనిషికి అది చిన్న విషయం కాదు. ఆ ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు పక్కన ఎవరైనా మాట్లాడితే వేలు పెదవుల మీద పెట్టి ఊరుకోమనేవాడు.

"కాగితం, పెన్సిలు ఉండగా ఈ డబ్బా దేనికయ్యా?" అని మొన్న కమిటీ మీటింగులో ఎల్గిన్ అడిగాడు. ఐస్‌హాలు బాధ్యతంతా ఎల్గిన్‌ది. మంచు గట్టిగా, నున్నగా ఉంచడంలో అతన్ని మించినవాడు లేడు. జాబితా కూడా తన చేతికొస్తే బాగుండునని అతనికి చాలాకాలంగా ఉంది. ఓరెస్ట్‌కు పౌరుషం పొడుచుకొచ్చి, "పోటీల రోజు నాలుగింటికి జాబితా గోడ మీద లేకపోతే, పై ఏడాది నుంచి నువ్వే వేసుకో!" అని అందరి ముందూ అనేశాడు. ఇంటికొచ్చి ఆ ముక్క భార్య డెల్ఫీన్‌తో చెప్తే, ఆవిడ బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, "నాలుగున్నర అనలేకపోయావా?" అంది.

ఓరెస్ట్‌కు శుభ్రం పిచ్చి. మూడేళ్ళు ముట్టని వస్తువు షెడ్డులో ఉండకూడదన్నది అతని నియమం. ఆ నియమం ప్రకారమే ఆ ఉదయం కంప్యూటరులో ఒక ఫైలు అతని కంటబడింది. పేరు చూస్తే పిల్లి కీబోర్డు మీద నడిచినట్టుంది. తెరవబోతే తెరుచుకోలేదు. తేదీ చూస్తే నాలుగేళ్ళ నాటిది. తీసి చెత్తబుట్టలో పడేశాడు. బుట్టలో చెత్త మిగిలుంటే శుభ్రం చేసినట్టు కాదని దాన్ని కూడా ఖాళీ చేశాడు. జట్ల వివరాలు రాసుకున్న కాగితాలు ముందురోజే పొయ్యిలోకి వెళ్ళిపోయాయి, అన్నీ కంప్యూటరులోకి ఎక్కించాడు కాబట్టి.

ఇక దర్జాగా ప్రోగ్రాము తెరవబోయాడు. తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. ఫలానా ఫైలు కనబడటం లేదు, ప్రోగ్రాము మొదలు కాదు.

"ఏమయ్యా, మొహం అలా పెట్టావు?" అంది డెల్ఫీన్.

"ఫైలు లేదంటోంది."

"ఏ ఫైలు?"

"పొద్దున్న పారేసిందే."

"అది ఏ సీడీలో వచ్చిందో ఆ సీడీ పెట్టుకోరాదూ?"

"సీడీలు కిందటి వారం శుభ్రం చేశాను."

ఓరెస్ట్ లావుపాటి పుస్తకం తీసి వెతికాడు. వెతికినకొద్దీ అతని కళ్ళు పెద్దవయ్యాయి. "ఇటు రావే, ఇది విను. ఇది షేర్డ్ ఫైలట. ఉమ్మడి ఫైలన్నమాట. గీతలు గియ్యడం, అక్షరాలు చూపించడం లాంటి పనులు ప్రతి ప్రోగ్రామూ విడిగా నేర్చుకోదట. అన్నీ దీన్నే అడిగి చేయించుకుంటాయట. మా తాతల కాలంలో ఊరందరికీ కలిపి నూర్పిడి మిషను ఒకటే ఉండేదే, అలాగ!" అతను పుస్తకం మూసి కాసేపు కంప్యూటరు వైపే చూశాడు. "మూడేళ్ళుగా ఇదంతా నేనే రాశాననుకుంటున్నాను. ఒక్కరోజు కూడా నోరెత్తకుండా మోసింది ఇదీ!"

"మోసిందాన్నే పారేశావు. ఇప్పుడేం చెయ్యాలట?"

"ఇంకో కంప్యూటరులో ఇదే ఫైలుంటే తెచ్చిపెట్టుకోవచ్చట."

ఎదురింటి థోరా దగ్గర కంప్యూటరు ఉంది. ఆవిడ కుట్టుమిషను దాంతోనే నడుస్తుంది. గెలిచిన జట్టుకు ఇచ్చే బ్యాడ్జీల మీద ఎంబ్రాయిడరీ ఏటా ఆవిడదే. ఓరెస్ట్ ఫ్లాపీ పట్టుకుని వెళ్ళి సంగతి చెప్పాడు. ఇద్దరూ వెతికితే ఫైలు అక్కడ నిక్షేపంగా ఉంది. థోరా దాని మీద నొక్కగానే 'కట్' అని ఒక మాట, దాని కింద 'కాపీ' అని ఇంకో మాట వచ్చాయి.

"ఈ రెండోది నొక్కితే నకలు వస్తుందేమో" అన్నాడు ఓరెస్ట్ మొహమాటంగా.

"నకలా? గుమ్మంలోకొచ్చి అడిగినవాడికి నకలిచ్చి, అసలు నేను దాచుకోనా? అంత లేకితనం మా ఇంటా వంటా లేదు. నువ్వు అసలుదే తీసుకెళ్ళు" అని థోరా 'కట్' నొక్కింది. ఫ్లాపీతో పాటు అల్లం బిస్కెట్లు కూడా ప్లేటు నిండా పెట్టి ఇచ్చింది.

ఫైలు చేరగానే ఓరెస్ట్ ప్రోగ్రాము లేచి కూర్చుంది. జట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ముప్ఫై ఒక్క జట్లు వస్తున్నట్టు ఖాయం చేశాయి. ఉత్తరం వైపునుంచి రావలసిన డూగన్ అన్నదమ్ములు మాత్రం, "ఆవు ఈనుతోంది, నాలుగు లోపల ఫోను చేస్తాం" అన్నారు. అందరూ ఖాయం కానిదే జాబితా అచ్చు కాకూడదని ప్రోగ్రాములో నియమం పెట్టింది ఓరెస్టే. ఎవరికీ అన్యాయం జరగకూడదని అప్పట్లో పెట్టాడు. ఇప్పుడు దాన్ని మార్చడం ఎలాగో మర్చిపోయాడు.

తొమ్మిదింటికి థోరా బ్యాడ్జీలు కుడదామని కూర్చుంది. చిన్న పెట్టె వచ్చింది. అదే పేరు. సంగతేమిటో ఆవిడకు ఒక్క క్షణంలో అర్థమైంది. అడిగితే ఓరెస్ట్ వెంటనే తిరిగి ఇచ్చేస్తాడు. సరిగ్గా అందుకే అడగకూడదు. మా ఊళ్ళో ఇది జబ్బు కింద లెక్క, మందు లేదు. ఆవిడ కోటు తొడుక్కుని పాస్టర్ హెన్రిక్ దగ్గరికి వెళ్ళి, ఎందుకో చెప్పకుండా ఆ ఫైలు అడిగింది.

"తప్పకుండా ఇస్తానమ్మా. కానీ కాపీ మాత్రం చెయ్యను. పాటల పుస్తకాలు జిరాక్సు తియ్యడం దొంగతనమని చర్చి తలుపుకు నోటీసు అంటించింది నేనే" అన్నాడు పాస్టరు, 'కట్' నొక్కుతూ.

పదకొండింటికి ఆదివారం పాటల కాగితం అచ్చు వేద్దామని పాస్టరు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పెట్టె వచ్చింది. ఇచ్చినదాన్ని థోరాను తిరిగి అడగడమా? రామ రామ అనుకునే మతం కాదు గాని, ఆ భావమే ఆయన మొహంలో కనబడింది. పశువుల డాక్టరు మావిస్ దగ్గరికి నడిచాడు.

"నకళ్ళు ఎందుకండీ, చెల్లవు" అంది మావిస్. "టీకా సర్టిఫికెట్టు నకలు తెస్తే నేనే వెనక్కి పంపిస్తాను. అసలుదే తీసుకెళ్ళండి."

ఒంటిగంటకు దూడల పుట్టుక రికార్డు తెరవబోతే మావిస్‌కూ పెట్టె వచ్చింది. ఆవిడ పాస్టరును ఇబ్బంది పెట్టదలచుకోలేదు. ఐస్‌హాల్లో ఎల్గిన్ దగ్గరున్న పాత కంప్యూటరు గుర్తొచ్చింది. మంచు ఎంత చల్లగా ఉండాలో చూసుకుంటూ యంత్రాన్ని వేస్తూ ఆపుతూ ఉండేది ఆ కంప్యూటరే.

"ఐదు నిమిషాలు ఆపితే ఏమైపోతుందిలెండి డాక్టరుగారూ, మీరు అడగడమూ నేను లేదనడమూనా!" అని ఎల్గిన్ ప్రోగ్రాము ఆపి, ఫైలు పీకి ఇచ్చాడు. ఆ ఐదు నిమిషాలు ఎంతకీ పూర్తి కాలేదు.

నిజానికి ఊళ్ళో తిరిగింది ఫైలు కాదు, ఖాళీ. పొద్దున్న ఓరెస్ట్ ఇంట్లో పుట్టిన అరచేతిలో పట్టేంత ఖాళీ, మర్యాదగల మనుషుల చేతులు మారుతూ, కుట్టుమిషనునూ పాటలనూ దూడలనూ ఆపుకుంటూ వెళ్ళి మంచులో కూర్చుంది. ఇంత చిన్నదాని మీద ఇంత ఊరు ఆనుకుని ఉందని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మూడున్నరకు మంచుకు చెమటలు పట్టాయి. బయట మైనస్ ఇరవై ఎనిమిది, లోపల ఆటస్థలంలో తడి. ఎల్గిన్ తలుపులు బార్లా తీశాడు. గాలి ఊళ్ళో ఉన్న పొడి మంచునంతా తెచ్చి లోపల పోసింది. తలుపులు మూసి, ఊడ్చి, ఇంకేం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. ఊళ్ళో కంప్యూటరు గురించి తెలిసినవాడు ఒక్కడే. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియకపోయినా వెళ్ళాడు.

"నేను అడగకూడదు, నాకు తెలుసు" అన్నాడు గుమ్మంలో, టోపీ చేత్తో పట్టుకుని. "కానీ మంచు కరుగుతోంది ఓరెస్ట్. నీ దగ్గర ఒక ఫైలు ఉంటుందా?" అని జేబులోంచి కాగితం తీశాడు. చూస్తే అదే పేరు, పిల్లి కీబోర్డు మీద నడిచినట్టున్నది.

గోడ గడియారంలో నాలుగుకు పది నిమిషాలుంది. డూగన్‌ల ఫోను ఇంకా రాలేదు. ఫైలు ఇచ్చేస్తే జాబితా లేదు, పద్నాలుగేళ్ళ పని ఈ గుమ్మంలో నిలబడ్డవాడి చేతికే పోతుంది. ఇవ్వకపోతే ముప్ఫై రెండు జట్లు నీళ్ళలో నిలబడాలి. ఓరెస్ట్‌కు ఏడుపొచ్చినంత పనైంది. డెల్ఫీన్ వైపు చూశాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"మంచు లేకపోతే జాబితా ఏం చేసుకుంటాం? కూర్చో ఎల్గిన్" అని ప్రోగ్రాము మూసేశాడు. కళ్ళు గడియారం మీదే ఉన్నాయి. ఒక మాట మీద నొక్కబోయి దాని కింది మాట మీద నొక్కాడు. ఫైలు ఫ్లాపీలోకి వెళ్ళింది.

ఎల్గిన్ ఫ్లాపీ జేబులో పెట్టుకుని తలుపు దాకా వెళ్ళాడు. చివరిసారి ఆ పెట్టె మొహం చూసి కంప్యూటరు కట్టేద్దామని ఓరెస్ట్ ప్రోగ్రాము తెరిచాడు. అది తెరుచుకుంది.

"ఆగాగు!" అని ఓరెస్ట్ లేచాడు. అవమానంతో చెవులు ఎర్రబడ్డాయి. "పొరపాటైంది. నేను నీకు ఇవ్వనేలేదు. ఫైలు నా దగ్గరే ఉండిపోయింది. కావాలని చేసింది కాదయ్యా, ఒట్టు!"

ఎల్గిన్ వెనక్కి వచ్చి ఫ్లాపీ పెట్టి చూశాడు. "ఇందులోనూ ఉందే."

"ఉండదు."

"నువ్వే చూడు."

ఇద్దరూ తెర దగ్గరికి వంగారు. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి. బరువులో తేడా లేదు, తేదీలో తేడా లేదు.

"ఇస్తే తగ్గలేదా?" అన్నాడు ఎల్గిన్ గొంతు తగ్గించి.

"తగ్గలేదు."

"మళ్ళీ ఇవ్వు, చూద్దాం."

ఇంకో ఫ్లాపీలోకి ఇచ్చాడు. తగ్గలేదు. మూడోదాంట్లోకి ఇచ్చాడు. తగ్గలేదు. ఓరెస్ట్ తనకు తెలియకుండానే తల మీది టోపీ తీసేశాడు. విత్తనాలు ఇస్తే మన గోనె తేలికవుతుంది. డీజిలు ఇస్తే మన ట్యాంకు ఖాళీ అవుతుంది. డెబ్భై ఏళ్ళుగా ఇద్దరికీ తెలిసిన ప్రపంచం అదొక్కటే. ఇచ్చినవాడి దగ్గర ఇంకా ఉండే వస్తువును వాళ్ళు మొదటిసారి చూస్తున్నారు.

"అక్కడ 'కాపీ' అని తాటికాయంత అక్షరాలతో రాసుంది కదయ్యా" అంది డెల్ఫీన్.

"రాసుంది. నమ్మలేదు" అన్నాడు ఓరెస్ట్.

ఎల్గిన్ ట్రక్కు వెళ్ళిన వీధి మొగలో మంచుపొగ ఇంకా విడిపోలేదు, ఫోను మోగింది. డూగన్‌లు. దూడ క్షేమం, బయల్దేరుతున్నాం. అప్పటికి నాలుగూ ఐదు. ప్రింటరు కాగితాన్ని నములుతూ నములుతూ జాబితాను బయటికి వదిలేసరికి నాలుగుంపావు. ఓడిపోయానని తెలిసే ఓరెస్ట్ ఐస్‌హాలుకు వెళ్ళాడు. యంత్రం హోరుమంటోంది. మంచు మళ్ళీ బిగుస్తోంది. ఎల్గిన్ నిచ్చెన మీదున్నాడు, గోడ గడియారం పక్కన. గడియారంలో నాలుగుకు ఐదు నిమిషాలు తక్కువ.

"ఆగిపోయిందా అది?" అన్నాడు ఓరెస్ట్.

"ఏమో. నేనెక్కేటప్పుడు నడుస్తూనే ఉంది" అన్నాడు ఎల్గిన్. "మాటలు తర్వాత. అంటించు త్వరగా, ఇంకా ఐదు నిమిషాలే ఉంది."

ఓరెస్ట్ జాబితా వంకరగా అంటించాడు.

ఆ సాయంత్రం కాఫీ బల్ల దగ్గర అతను ఆ అద్భుతం గురించి థోరాకూ పాస్టరుకూ మావిస్‌కూ చెప్పాడు. ఇస్తే తగ్గని వస్తువు ఒకటుందని, తను కళ్ళారా చూశానని. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తన ఫైలు ఇచ్చేసి ఇంకొకరి దగ్గర తెచ్చుకున్నానని ముందు థోరా ఒప్పుకుంది, తర్వాత పాస్టరు, ఆ తర్వాత మావిస్. ఆఖరున ఎల్గిన్ తల గోక్కున్నాడు. అందరి దగ్గరా ఇప్పుడు ఫైలు ఉంది, ఎవరికీ లోటు లేదు. పాస్టరు ఫ్లాపీని చేతిలోకి తీసుకుని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

కానీ తెచ్చుకున్నది తిరిగి ఇవ్వాలి కదా. మర్నాడు పొద్దున్నే ఓరెస్ట్ థోరా ఇంటికీ, థోరా పాస్టరు ఇంటికీ, పాస్టరు మావిస్ ఇంటికీ, మావిస్ ఎల్గిన్ ఇంటికీ తలొక ఫ్లాపీ, తలొక పళ్ళెం దాల్చినచెక్క బన్నులతో బయల్దేరారు. ఓరెస్ట్ ఇంటికి తిరిగొచ్చేసరికి ఎల్గిన్ ఫ్లాపీతో వాకిట్లో నిలబడి ఉన్నాడు. లోపలికి తీసుకెళ్ళి పెట్టాడు. ఈ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది, దాన్ని తీసేసి దీన్ని పెట్టమంటారా అని కంప్యూటరు అడిగింది. ఎల్గిన్ పక్కనే నిలబడి చూస్తున్నాడు గనక, ఓరెస్ట్ 'అవును' నొక్కాడు.