అయిదు డబ్బాలూ ఒక కొత్తల్లుడూ

పళ్ళ డాక్టరుగారు పగలంతా జనం నోళ్ళలో గుయ్యిమనిపించేది చాలక, ఇంటికొచ్చి బేస్ గిటారు మీద కూడా అదే చప్పుడు తీస్తారని ఆయన భార్య ఫిర్యాదు. ఆ ఫిర్యాదు ఆషామాషీ మనిషిది కాదు. ఆవిడ చెవుల డాక్టరమ్మ. ఎవరికి ఎంత వినబడుతుందో కొలిచి కాగితం మీద రాసిచ్చేది ఆవిడే.

ఆ చప్పుడుకి కారణం అలమార పై అరలో ఉంది. శుభ్రంగా పలికే తీగల నాదాన్ని కాలితో నొక్కగానే బరకబరకగా మార్చేసే ఇనప డబ్బాలు, ఫజ్ పెడళ్ళు, మొత్తం అయిదు. డాక్టరుగారు వాటికి పేర్లు కూడా పెట్టుకున్నారు. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు, గురకోడు, జలుబోడు. వారం వారం మెత్తటి గుడ్డతో వాటి ఒళ్ళు తుడుస్తారు. అంత సేవ ఆయన తన పళ్ళకి కూడా చెయ్యరు.

"ఏవండీ, ఆ అర నాకు కావాలి," అందావిడ ఓ రోజు. "మా ఆస్పత్రి మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళకి ఇంట్లోనే పరీక్ష చేద్దామనుకుంటున్నా. మిషను పెట్టుకోవాలి."

"మరి నా పిల్లలో?"

"అన్ని పనులూ చేసే డబ్బా ఒక్కటి చూసి కొనుక్కోండి. ఆ అయిదూ స్కూలు బ్యాండుకి ఇచ్చేద్దాం."

డాక్టరుగారు ఎగిరి గంతేసినంత పని చేశారు. కొనుక్కోమని ఆవిడ నోటితో అనడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. వెంటనే బుర్రలో పథకం తయారైంది. ముందు కొత్తది ఇంట్లోకి రావాలి. వచ్చాక, అది పాతవాటి కాలి గోటికి కూడా సరిపోదని తేలాలి. అప్పుడు అయిదూ ఉంటాయి, వచ్చింది కదా అని ఆరోదీ ఉండిపోతుంది.

మూడు వారాలు కొట్లన్నీ తిరిగారు. ఒక డబ్బాలో గరగర అద్భుతంగా ఉంది గానీ, బేస్‌కి ప్రాణమైన అడుగు నాదం మాయమైపోయింది. ఇంకోటి మామూలు గిటారుకి తప్ప బేస్‌కి పనికిరాదు. చివరికి ఒకటి దొరికింది. ఒక మీట తిప్పితే గురక, ఇంకో మీట తిప్పితే గర్జన, అసలు నాదాన్ని ఎంత కావాలంటే అంత కలుపుకోవడానికి వేరే మీట. పైగా కాలితో నొక్కే బటన్ మిగతావాటిలా టక్కూటిక్కూ మనదు. దానికి కొత్తల్లుడని పేరు పెట్టి, "ఏదో అన్నీ వచ్చట దీనికి, చూద్దాం" అంటూ మొహం ముడుచుకుని ఇంట్లో పెట్టారు. లోపల మాత్రం ఆనందం పట్టలేకుండా ఉన్నారు.

ఆదివారం పొద్దున్నే ఆయన మొదలెట్టారు. "మాటలెందుకు? అన్నీ వాయిస్తా, నువ్వే విను."

"అలా కుదరదు. పరీక్షంటే మాకో పద్ధతుంది. మీరు గోడకేసి తిరిగి వాయించండి. వైర్లు పెట్టడం, బటన్లు నొక్కడం నా పని. ఏది బాగుందో చూడకుండా చెప్పాలి."

"నా మీద అంత నమ్మకం లేదా?"

"ఉంది. గోడకేసి తిరగండి."

ఆయన తిరిగారు, లోలోపల నవ్వుకుంటూ. బటన్ నొక్కగానే పెద్దోడు టక్కుమంటాడు, చిన్నోడు టిక్కుమంటాడు, జలుబోడు కిర్రుమంటాడు. ఏ చప్పుడూ రాలేదంటే కొత్తల్లుడే. అప్పుడు అరచేత్తో తీగల్ని కాస్త అదిమితే సరి, వాడి పరువు పోతుంది.

సోఫాలో అత్తగారు కూర్చున్నారు. అల్లుడు గిటారు తీస్తే ఆవిడ చెవి మిషను తీసి డబ్బాలో పెట్టేస్తారు. ఇవాళెందుకో కొత్త బ్యాటరీ వేసి మరీ తగిలించుకున్నారు.

వెనకాల టక్కుమంది.

"ఆహా!" అన్నారు డాక్టరుగారు కళ్ళు మూసుకుని. "ఏం నిండుదనం! ఇలాంటి గొంతు ఇప్పుడెక్కడ దొరుకుతుంది?"

టిక్కుమంది. కిటికీ అద్దాలు అదిరేలా వాయించారు. తలుపు దబదబా కొట్టి కింది వాటా ఆయన లోపలికొచ్చాడు.

"నీళ్ళ మోటారు కాలిపోతోందనుకున్నానండీ!"

"కూర్చోండి అన్నయ్యగారూ, పరీక్ష జరుగుతోంది," అందావిడ.

కిర్రుమంది. దానికీ మురిసిపోయారు. మిగతా ఇద్దరికీ అంతే. ఆ తర్వాత బటన్ చప్పుడేమీ లేకుండానే "ఊఁ, వాయించండి" అందావిడ. డాక్టరుగారు అరచెయ్యి ఆనించి నాలుగు తీగలూ మీటారు.

"ఛీ! ఇదేం గొంతు, ప్రాణమే లేదు! చూశావా, ఎవడి గొంతు వాడిదే. మా వాళ్ళలో ఒక్కణ్ణి కూడా వదులుకోలేను." ఆ మాటన్నప్పుడు ఆయన గొంతు నిజంగానే వణికింది.

"అల్లుడుగారూ," అన్నారు అత్తగారు మొహమాటంగా, "ఏమీ అనుకోకండి గానీ, ఆ అయిదింటికీ అసలు వైరే పెట్టలేదండీ."

డాక్టరుగారు గిరుక్కున తిరిగారు. గిటారు వైరు తిన్నగా కొత్తల్లుడిలోకి, అక్కణ్ణించి స్పీకరులోకి వెళ్తోంది. దీపం వెలుగుతున్నది వాడికొక్కడికే. అయిదుగురూ పక్కన ఊరికే కూర్చుని ఉన్నారు.

"అయితే మీటలు తిప్పావ్!"

"ముట్టుకుంటే ఒట్టు. డబ్బా మారలేదు, మీ వేళ్ళు మారాయి. టక్కుమంటే ముద్దుగా మీటారు, చప్పుడు లేకపోతే అరచెయ్యి ఆనించారు. వినబడుతున్నా వినబడలేదనేవాళ్ళని రోజుకి నలుగురిని పట్టుకుంటా నేను. లేనిది వినబడిందన్న మనిషిని ఇవాళే చూశా."

కింది వాటా ఆయన సీలింగు ఫ్యాను వంక శ్రద్ధగా చూడసాగాడు. డాక్టరుగారికి సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా బెంగేసింది.

"పోనీ, పెద్దోణ్ణొక్కణ్ణి ఉంచుకోనా? పదిహేనేళ్ళ నుంచి నాతో ఉన్నాడే."

ఆవిడ మనసు కరిగింది. "సరే. ఈసారి నిజంగానే వైర్లు మారుస్తా. టక్కుటిక్కులు వినబడకుండా దుప్పటి కప్పుతా. ఆరింట్లో పెద్దోడెవడో చెప్పండి, ఉంచేసుకోండి."

డాక్టరుగారు గోడకేసి తిరిగి, ఏ కపటమూ లేకుండా ఆరుసార్లు వాయించారు. నాలుగోది వింటుంటే కళ్ళు చెమర్చాయి.

"నాలుగోదే! వీణ్ణి వందమందిలో ఉన్నా గుర్తుపడతా!"

ఆవిడ నాలుగోసారి పెట్టిన డబ్బాకే మళ్ళీ వైరు పెట్టి దుప్పటి తీసింది. ఇంకా ర్యాపరు కూడా సరిగ్గా ఊడని కొత్తల్లుడి దీపం వెలుగుతోంది.

సాయంత్రానికి అర ఖాళీ అయింది, మిషను వచ్చి కూర్చుంది. అలమార తలుపు మీద మొట్టమొదటి పరీక్ష కాగితం కూడా అంటుకుంది. అందులో ఆవిడ గుండ్రటి రాతలో ఇలా ఉంది: "రోగి: మావారు. చెవులు: బాగున్నాయి. లేనివి కూడా వినబడుతున్నాయి."