తాత్కాలికంగా పోవడమెలా?

మనిషికి లేని గొప్ప సౌకర్యం సోషల్ మీడియా అకౌంటుకు ఉంది. పోవచ్చు, పోయి చూడొచ్చు, నచ్చకపోతే వెనక్కి వచ్చేయొచ్చు! డీయాక్టివేట్ అనే ఆ బటన్ కనిపెట్టిన మహానుభావుడికి నాలుగు రోడ్ల కూడలిలో విగ్రహం పెట్టకుండా మనం ఇంకా ఏం చేస్తున్నట్టు?

నమ్మరా? అయితే వాచీలు బాగుచేసే పెద్దాయన సంగతి వినండి. కింద దుకాణం, దాని వెనకే కాపురం. పై వాటాలో సొంత తమ్ముడు. మధ్యలో చెక్కమెట్లు. ఆ మెట్ల మీద కొన్నాళ్ళుగా పిల్లి తప్ప ఎవరూ తిరగడం లేదు.

కారణం చిన్నదేం కాదు లెండి. దుకాణానికి కొత్త బోర్డు పెట్టించి, పెద్దాయన దాని ఫొటో అకౌంటులో పెడితే, తమ్ముడు గుండె గుర్తు పెట్టకుండా ఉత్త బొటనవేలు పెట్టాడు. సొంత అన్న బోర్డుకు బొటనవేలా! ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా గుండెలు పెట్టారే! పెద్దాయనకు ఒళ్ళు మండింది. మాట మానేశాడు. ఎందుకు మానేశాడో తెలియక తమ్ముడూ మానేశాడు.

అప్పుడే పెద్దాయన అకౌంటు డీయాక్టివేట్ చేశాడు. ఆయన కోరిక ఒక్కటే. తమ్ముడు గాభరాపడి మెట్లు దిగి రావాలి, ఏమైంది అన్నయ్యా అని అడగాలి. అంతే. ఎవరెవరు కంగారుపడ్డారో చూద్దామని సాయంత్రానికల్లా ఫోన్ తీశాడు. చూడాలంటే లోపలికి వెళ్ళాలి. వెళితే అకౌంటు లేచి కూర్చుంటుంది. కూర్చుంది. తమ్ముడికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. మర్నాడు మళ్ళీ పోయాడు. మళ్ళీ వచ్చాడు. ఆ వారంలో ఆయన పోయి వచ్చినన్ని సార్లు కరెంటు కూడా పోయి రాలేదు.

ఇక తాడోపేడో తేల్చుకుందామని శాశ్వతంగా డిలీట్ చేశాడు. అదీ ఓ పట్టాన వదలదు. నెల గడువిస్తుంది. ఆ లోపల ఒక్కసారి లాగిన్ అయినా, మనసు మార్చుకున్నారన్నమాట అంటూ తలుపులు బార్లా తెరుస్తుంది. ఎంత దయ! ఇంట్లోంచి అలిగి వెళ్ళిపోతే మనల్ని ఎవరైనా నెల రోజులు బతిమాలతారా?

కానీ పెద్దాయన కొంప ముంచింది ఆయన పనితనమే. బాగుచేసిన వాచీని చెవికి ఆనించి వినందే ఎవరి చేతికీ ఇవ్వడు. తన పని తాను సరిచూసుకోకపోతే ఆయనకు అన్నం సయించదు. అందుకని, అకౌంటు సక్రమంగా పోతోందా లేదా అని రోజూ పొద్దున్నే లాగిన్ అయి చూసేవాడు. పోవడం లేదు! ఎక్కడో మరమ్మతు సరిగా జరగలేదని మళ్ళీ డిలీట్ నొక్కేవాడు.

చివరికి భార్య విసిగిపోయి ఆ ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. నెల తిరిగేసరికి అకౌంటు నిజంగానే పోయింది. అంతమంది స్నేహితుల్లో ఒక్కరైనా అడిగారా? వాళ్ళకు మాత్రం తీరికెక్కడిది, పాపం!

ఒక సాయంత్రం మెట్లు కిర్రుమన్నాయి. తమ్ముడు మొహం వేలాడేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను అకౌంటు మూసేస్తున్నానని పోస్ట్ పెట్టాను అన్నయ్యా. నువ్వు చూసి పిలుస్తావనుకున్నా. ఎంత వెతికినా కనపడవేం?"

"నేను ముందే పోయానురా."

"నాకు చెప్పకుండానా?" అన్నాడు తమ్ముడు.

పెద్దాయన కన్ను చెమ్మగిల్లింది. నెపం మాత్రం కంటికి తగిలించుకున్న భూతద్దం మీద పెట్టాడు. చీకటిపడేదాకా అన్నదమ్ములు కబుర్లాడుకున్నారు. బొటనవేలి సంగతీ బయటికొచ్చింది. గుండె నొక్కబోతే వేలు జారిందట! పెద్దాయన భార్య మాటిమాటికీ టీ పెడుతూనే ఉంది. మరిది ఎక్కడ లేచి వెళ్ళిపోతాడోనని ఆవిడ భయం.

చూశారా బటన్ మహిమ! రాజీ కుదిరింది కదా అని తమ్ముడు బీరువాలోంచి ఫోన్ తీయించి, అక్కడే కూర్చుని అన్నకు కొత్త అకౌంటు తెరిచి ఇచ్చాడు. ఇప్పుడు వాళ్ళిద్దరూ ఎంత దగ్గరయ్యారంటే, పై నుంచి తమ్ముడు రోజూ ఒక గుండె పంపుతాడు, కింద నుంచి అన్న రెండు పంపుతాడు. దిగాల్సిన పనే లేదు! మెట్లు మళ్ళీ పిల్లికే దక్కాయి.

నిన్న పెద్దాయన స్నానానికి వెళ్ళగానే ఆవిడ ఆయన ఫోన్ తీసి, శాశ్వతంగా డిలీట్ నొక్కి, బీరువాలో పెట్టి తాళం వేసింది. తర్వాత టీకి నీళ్ళు పడేసి, మెట్లకెదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.