లవోనియా సేవకు శాస్త్రీయమైన ధర

ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకునేవారికి ఇక మీదట న్యాయమైన ధర కడతామని ఆరోగ్య బీమా కమిషనర్ వెండెల్ స్ట్రౌడ్ గారు రాజధానిలో శాసనసభ మెట్ల మీద నిలబడి ప్రకటించారు. న్యాయమైన ధర అంటే ఏమిటో ఎవరికీ తెలియదు గనుక, ముందు అది తెలుసుకోవడానికి ఒక మహత్తర అధ్యయనం జరుగుతుందన్నారు. పక్కనే ఉన్న గవర్నరు గారు కళ్లు తుడుచుకున్నారు. గాలికి దుమ్ము పడిందని పేపరువాళ్లు రాశారు గానీ నేను నమ్మలేదు.

పేదల బీమా కింద మా రాష్ట్రం ఈ సేవకు పావుగంటకు ఇంత అని కడుతుంది. ఆ రేటు ఎప్పుడో నిర్ణయించారు. తర్వాత గుడ్లు పెరిగాయి, పెట్రోలు పెరిగింది, చెప్పులు పెరిగాయి. పావుగంట ఒక్కటే పాత మాట మీద నిలబడింది.

తుంటి విరిగాక మా అమ్మ ఎఫీ లేచి నిలబడాలంటే మనిషి సాయం కావాలి. నేను దాణా మిల్లుకు పోతాను, నా భార్య స్కూలు బస్సు నడుపుతుంది. పగలంతా అమ్మను చూసేది లవోనియా. ఆమెను కోళ్ల ఫ్యాక్టరీవాళ్లు రమ్మంటున్నారు. అమ్మకు స్నానం చేయిస్తే వచ్చేదాని కన్నా కోడిని శుభ్రం చేస్తే ఎక్కువ వస్తుంది.

“రేటు పెరక్కపోతే పోవాల్సిందే అన్నా. నాకూ పిల్లలున్నారు” అని ఆమె ముందే చెప్పేసింది.

ఆమె పోతే అమ్మను నది అవతల ముసలివాళ్లను ఉంచే నర్సింగ్ హోముకు పంపాలి. మా చర్చి నుంచి అక్కడికి వెళ్లినవాళ్లెవరూ తిరిగొచ్చి పాటల బృందంలో కూర్చోలేదు.

అధ్యయనానికి మా ఇల్లే ఎంపికైందని కబురు రాగానే, భోజనం ముందు ప్రార్థన కాస్త పొడిగించాను. బీన్స్ చల్లారిపోతున్నాయని నా భార్య బల్ల కింద కాలితో పొడిచింది.

కమిషనర్ గారు స్వయంగా దయచేశారు. వెంట ముగ్గురు కన్సల్టెంట్లు. వాళ్ల నాయకుడు బ్రైస్ అనే కుర్రవాడు, చేతిలో స్టాప్‌వాచ్. వసారా మెట్టు వానకు తడిసి ఉంది. కమిషనర్ గారు దాని మీద జారి మోకాలు కొట్టుకున్నారు. లవోనియా ఆయన చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపున లేపింది.

“నేను లేవగలనమ్మా.”

“అందరూ అదే అంటారు సార్. ప్యాంటు పైకి మడవండి.”

కట్టు కట్టి ఆయన్ని కూర్చోబెట్టాక, లవోనియా మా అమ్మ తల దువ్వుతూ, “రాత్రి నిద్ర పట్టిందా ఎఫీ అమ్మా?” అంది. బ్రైస్ గడియారం ఆపేశాడు.

“ఎందుకాపావు నాయనా?” అంది అమ్మ.

“మాట్లాడటం సేవ కిందికి రాదండీ.”

“మరి నువ్వు వచ్చినప్పటి నుంచీ చేస్తున్నదేమిటి?”

“అది కన్సల్టింగ్ అండీ.”

ఈ తేడా ఇంత తేటగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఇంతలో రెండో కన్సల్టెంటుకు మా పిల్లి పడక తుమ్ములు పట్టుకున్నాయి. లవోనియా అతని ముఖం కడిగించి, వెన్ను నిమిరింది. మూడో అతను పొద్దున్నే ఏమీ తినకుండా బయలుదేరాడట, కళ్లు తిరిగాయి. అతనికి మొక్కజొన్న రొట్టె పెట్టి, మంచినీళ్లు తాగించింది. బ్రైస్ కోటు గుండీ ఊడితే కుట్టింది.

“లవోనియా, నా మేజోళ్లు ఎప్పుడు తొడుగుతావే?” అని అమ్మ గదిలోంచి కేకేసింది.

“వస్తున్నా ఎఫీ అమ్మా! ప్రభుత్వం తింటోంది!”

ఫలితాలు రాజధానిలో బహిరంగ సభలో ప్రకటించారు. మిల్లుకు సెలవు పెట్టి నేనూ వెళ్లాను. కమిషనర్ గారు కుంటుతూ వచ్చి మైకు అందుకున్నారు.

“రేటు చరిత్రలో ఎన్నడూ లేనంత పెంచాం!” అన్నారు. చప్పట్లు మోగాయి. “ఒక సహాయకురాలు ఒకే సమయంలో అయిదుగురికి సేవ చేయగలదని శాస్త్రీయంగా రుజువైంది. కాబట్టి పెంచినదాన్ని అయిదుతో భాగించాం.”

చప్పట్లు కొట్టినవాళ్లు ఆపాలో వద్దో తెలియక ఇంకాసేపు కొట్టారు. పౌరులు తలా రెండు నిమిషాలు మాట్లాడవచ్చు. నేను లేచాను.

“అయ్యా, తప్పుగా అనుకోకండి. ఆ అయిదుగురిలో మా అమ్మ ఒక్కతే కదా. మిగతా నలుగురూ మీరే కదా?”

“సోదరా, సేవ పొందినవాళ్లు ఎవరో బయటపెట్టడం చట్టరీత్యా నేరం.”

“మీ మోకాలి కట్టు కనిపిస్తూనే ఉందండీ.”

“అది నా వ్యక్తిగత ఆరోగ్య సమాచారం” అని ఆయన గంభీరంగా ప్యాంటు కిందికి లాక్కున్నారు. నా రెండు నిమిషాలు అయిపోయాయని ముందు ఎర్ర దీపం వెలిగింది. చట్టాన్ని ఇంత నిష్ఠగా పాటించే అధికారి మనకు దొరకడం అదృష్టమే. ఆ అదృష్టం మా ఇంటికే ఎందుకు రావాలని మాత్రం తిరుగు దారిలో దేవుణ్ణి అడిగాను.

వారాంతానికి లవోనియా మా ఇంట్లో పని మానేసి సెలవు తీసుకుంది.

“కోళ్ల దగ్గరికి పోతున్నావుటే?” అంది అమ్మ. “అవి నీతో కబుర్లు చెబుతాయా?”

“నా చేతికొచ్చేసరికి ఏమీ చెప్పవు ఎఫీ అమ్మా” అని లవోనియా కళ్లొత్తుకుంది.

మేము అమ్మ బట్టలు సర్దాం. నర్సింగ్ హోమువాళ్లు మంచం కేటాయించారు. సరిగ్గా అప్పుడే కమిషనర్ గారు రెండో అధ్యయనం ప్రకటించారు. సహాయకులు ఇళ్లకు ఎందుకు రావడం లేదన్నది ఈసారి అంశం. మొదటి అధ్యయనం జరిగిన ఇంటినే పగలంతా ఎవరో ఒకరు కూర్చుని పరిశీలించాలట. అనుభవమున్న పరిశీలకుల కోసం బ్రైస్ కంపెనీ ఊరంతా గాలించింది. జీతం కోళ్ల ఫ్యాక్టరీకి మూడింతలు.

సోమవారం పొద్దున తలుపు చప్పుడైంది. తీస్తే లవోనియా. మెడలో బ్రైస్ కంపెనీ బిళ్ల, కొత్త కోటు.

“అధ్యయనం పూర్తయ్యేదాకా రోగిని ఇంట్లోంచి కదిలించడానికి వీల్లేదు” అంది కంపెనీ గొంతుతో. తర్వాత కోటు విప్పి మేకుకు తగిలించి, చేతులు కడుక్కుని, “నీళ్లు కాచారా అన్నా?” అంది.

మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి అమ్మ స్నానం చేసి, జడ వేయించుకుని, లవోనియాకు ఊళ్లోవాళ్ల సంగతులన్నీ చెబుతోంది. గడియారం ఆపేవాళ్లెవరూ లేరు. ఫోను మోగింది. బ్రైస్. లవోనియా అమ్మ మేజోడు తొడుగుతూనే ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

“లేదు సార్. ఇంతవరకూ సహాయకులెవరూ రాలేదు.”

అమ్మ ఫోను వైపు వంగింది.

“చూసి చూసి కళ్లు కాయలు కాచాయి నాయనా!”