తివాచీ మీద సంతకాలు

ఒక పెద్ద అడవిలో ఒక తివాచీ ఉండేది. అడవిలో తివాచీ ఏమిటని అడగకండి. అడవిలో సభ ఉన్నప్పుడు తివాచీ ఎందుకు ఉండకూడదు?

వెనకటికి ఎవరో అధికారులు వేటకో విశ్రాంతికో వచ్చినప్పుడు దిగడానికి అక్కడొక బంగళా కట్టించుకున్నారు. పైకప్పు పెంకులు సగం రాలిపోయాక వాళ్ళు రావడం మానేశారు. కుర్చీల్ని చెదలు తినేశాయి. కిటికీ రెక్కల్ని కోతులు పట్టుకుపోయాయి. ఒక పక్క గోడ వానకి కూలింది. నడిమి హాల్లో పరిచిన తివాచీ మాత్రం మిగిలింది. దాని రంగు ఎరుపని పెద్దవాళ్ళు చెప్పేవారు. చూసేవాళ్ళకి మాత్రం బురదరంగుకీ మాడిన పెసరట్టు రంగుకీ మధ్య ఎక్కడో కనబడేది. అయినా పొరుగడవిలో అలాంటిది లేదు. అందుచేత ఇది గొప్పది.

ఆ హాల్లోనే అడవి సభ జరిగేది. సభకి నియమాలు చాలానే ఉన్నాయిగాని అందరికీ గుర్తున్నది మొదటిదొక్కటే. తివాచీ మీద తడి చేసినవాళ్ళని ఏరు దాటించి తరిమేయాలి. ఏటి అవతల రాళ్ళగుట్టల్లో దుమ్ములగొండులు కాపురముంటాయి. అక్కడ ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు, వెళ్ళినవాళ్ళెవరూ తిరిగొచ్చి చెప్పలేదు కాబట్టి.

ఈ సభకి కార్యదర్శి కంబళయ్య అనే ముసలి ఎలుగుబంటి. ఒకప్పుడు ఒంటి మీద బొచ్చు కొత్త నల్లకంబళిలా ఉండేది. ఇప్పుడా కంబళి అక్కడక్కడా చిరిగింది.

కంబళయ్య కాలేజీలో చదువుకున్నవాడు. అంటే, వయసులో ఉండగా ఆయన సర్కస్‌లో ఉండేవాడు. ఆ సర్కస్ ఒక ఊళ్ళో దిగి, ముందుకి కదల్లేక ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయింది. ఈయన బోనుని కాలేజీ వెనక గోడకి ఆనించి పెట్టారు. సరిగ్గా కెమిస్ట్రీ క్లాసు కిటికీ కింద. లోపల కుర్రాళ్ళు నిద్రపోయేవాళ్ళు, బయట ఈయన వినేవాడు. ఆ కాలేజీలో ఒక్క క్లాసు కూడా ఎగ్గొట్టని విద్యార్థి ఆయనొక్కడే. బోనుకి తాళం వేసేవారు మరి.

సర్కస్ మూతపడి అడవికి చేరినప్పట్నుంచి ఏ మాట వచ్చినా "మా కాలేజీలో" అని ఎత్తుకునేవాడు. తేనెపట్టు ఎలా దించాలని ఎవరైనా అడిగితే, తేనెటీగలొచ్చి ఇద్దర్నీ కుట్టేదాకా ముగించేవాడు కాదు. దాంతో అడవిలో ఆయన్ని ఏదైనా అడగడం మానేశారు. ఇది తన చదువు మీద గౌరవమని ఆయన అనుకున్నాడు.

ఆయనకి నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. ఉపన్యాసం వినడానికైనా ఒక ప్రాణి ఉండాలి కదా. అడవి అంచున దారి తప్పి ఏడుస్తున్న ఊరకుక్క పిల్లనొకదాన్ని తెచ్చి పెంచుకున్నాడు. గుండ్రంగా, పచ్చగా, మెత్తగా ఉందని దానికి బొబ్బట్టు అని పేరు పెట్టాడు. ఆయన మాట్లాడుతుంటే బొబ్బట్టు తల ఒక పక్కకి వాల్చి వినేది. శాస్త్రమంటే ఎంత ఆసక్తో అని ఆయన మురిసిపోయేవాడు. అది ఆయన చేతిలో ఉన్న తేనెపట్టు ముక్కకేసి చూసేది.

ఆ రోజు మధ్యాహ్నం సభ. పొద్దున్నే హాలు ఊడవడానికి వెళ్తూ కంబళయ్య బొబ్బట్టుని కూడా తీసుకెళ్ళాడు.

"ఇదిగో, అధ్యక్షులవారు కూర్చునే చోటు ఇదేనే," అని చూపించాడు.

బొబ్బట్టు చూసింది. ఆ చోటు చుట్టూ ఒకసారి తిరిగింది. నడుం కాస్త కిందికి దించింది. దాని మొహంలోకి గొప్ప ప్రశాంతత వచ్చింది.

"ఒసే! ఒసే! ఆగవే!"

అలాంటి పనిలో ఉన్నవాళ్ళు మధ్యలో ఆగలేరని కంబళయ్యకి సొంత అనుభవం మీద తెలుసు. అయినా అరిచాడు.

పని ముగించి బొబ్బట్టు తోక ఊపింది. సింహం కూర్చునే చోట తామరాకంత మరక. ఏరు, రాళ్ళగుట్ట, దుమ్ములగొండుల పళ్ళు, అన్నీ ఒక్కసారి కంబళయ్య కళ్ళముందు కనబడ్డాయి. బొబ్బట్టు వాటికి ఒక్క గుటక.

"మా కాలేజీలో," అన్నాడు, "మొదట చెప్పిందేమిటంటే, రుద్దకూడదు. రుద్దితే లోపలికి దిగుతుంది, పక్కలకి పాకుతుంది. అద్దాలి."

కిటికీకి వేలాడుతున్న పాత పరదా పీకి, మడతలు పెట్టి, మరక మీద పరిచి దాని మీద కూర్చున్నాడు. ఎలుగుబంటి కూర్చున్నాక తివాచీలో తడి ఎందుకుంటుంది? పరదాలోకి వచ్చేసింది. మడత మార్చి మళ్ళీ కూర్చున్నాడు. పరదాకి తడి అంటనంతవరకూ కూర్చుంటూ లేస్తూ ఉన్నాడు. మోకాళ్ళు పటపటమన్నాయి. తర్వాత ఏటి నుంచి చన్నీళ్ళు తెచ్చి చల్లి మళ్ళీ అద్దాడు. వేణ్ణీళ్ళు పనికిరావు, వాసన ఉన్నికి పట్టేసుకుంటుంది. అడవి నిమ్మకాయలు పిండి, ఆ రసంలో నీళ్ళు కలిపి తడిపాడు. కాసేపు ఆగి అద్దాడు. బంగళా వంటింట్లో ఏనాటిదో వంటసోడా డబ్బా ఉంటే ఆ పొడి పైన చల్లి, తివాచీ కొస ఎత్తి వరండా ఎండలోకి లాగాడు. ఆరాక దులిపాడు.

పని సాగినంతసేపూ బొబ్బట్టుకి పాఠం చెబుతూనే ఉన్నాడు. అది నిద్రపోయింది. కాలేజీ రోజులు గుర్తొచ్చి ఆయనకి కళ్ళు చెమర్చాయి.

చివరికి ముక్కు ఆనించి చూశాడు. వాసన లేదు. ఎలుగుబంటి ముక్కుకి దొరకలేదంటే ఇక లేనట్టే.

ఇక్కడితో కథ అయిపోవాల్సింది. ఇంకెవరైనా అయితే కుక్కపిల్లని చంకన పెట్టుకుని, మాట్లాడకుండా బయటికి నడిచేవారు. కాని చదువుకున్నవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. చేసిన పని ఇంకొకరికి తెలియకపోతే వాళ్ళకి అది చేసినట్టే అనిపించదు.

పైగా ఇంకో చిక్కు వచ్చింది. కడిగినంతమేరా తివాచీ ఎర్రగా మెరుస్తోంది. పెద్దవాళ్ళు చెప్పింది నిజమేనన్నమాట.

మధ్యాహ్నం సభ మొదలైంది. అధ్యక్షుడైన సింహం ఉత్తరపు సరిహద్దు చూడ్డానికి వెళ్ళి ఇంకా రాలేదు. ఉపాధ్యక్షుడైన అడవిపంది భూషణం ముందు కూర్చున్నాడు. వచ్చీ రాగానే ఆయన కళ్ళు కిందికి పోయాయి.

"ఏమండీ కార్యదర్శిగారూ, ఈ ఎర్రమచ్చ ఏమిటి?"

ఎండ పడిందంటే సరిపోయేది. పైకప్పు ఎలాగూ సగం లేదు. కంబళయ్య గొంతు సవరించుకున్నాడు.

"అది మచ్చ కాదు భూషణంగారూ. అక్కడ మచ్చ లేదు. మిగతాదంతా మచ్చే. మా కాలేజీలో..."

"అంటే ఇక్కడేదో ఉండేదన్నమాట," అంది సూక్ష్మమ్మ. ఆవిడ నక్క. అడగకపోయినా అందరికీ సలహా ఇస్తుంది కాబట్టి సభకి న్యాయ సలహాదారుని చేశారు.

"ఉండేది. ఇప్పుడు లేదు."

"ఏముండేది?"

"మరక."

"ఎవరిది?"

గుమ్మం బయట బొబ్బట్టు తోక నేలకేసి కొడుతోంది. ఆ చప్పుడు వినబడకుండా కంబళయ్య గొంతు పెంచాడు.

"మరకకి పేరుంటుందా అమ్మా? శాస్త్రంలో మరక మరకే."

"శాస్త్రంలో లేకపోవచ్చు బాబాయిగారూ. మొదటి నియమంలో ఉంది."

భూషణం ముట్టె వంచి ఎర్రమచ్చనంతా వాసన చూశాడు. "నాకేం తగలడం లేదే." సూక్ష్మమ్మ కూడా చూసింది. "నిజమే. ఏమీ లేదు."

"లేదుగా!" అన్నాడు కంబళయ్య గుండె మీద చెయ్యేసుకుని. "మరక లేదు, వాసన లేదు. ఇంక వదిలేద్దాం."

"అలా ఎలా వదిలేస్తామండీ?" అన్నాడు భూషణం. "లేదని తేలినట్టు దాఖలా ఉండాలి కదా. రేపెవరో వచ్చి ఉందంటే ఏం చెబుతాం? సభ్యులందరం ధ్రువీకరించి సంతకాలు పెట్టేస్తే ఈ సంగతి మూసేసినట్టే. ఇంకెవరూ తవ్వడానికి వీలుండదు."

ఇంకెవరూ తవ్వడానికి వీలుండదన్న మాట కంబళయ్య చెవికి తేనెలా తగిలింది. బొబ్బట్టు గండం గడిచినట్టే.

"పెట్టేద్దాం, పెట్టేద్దాం," అన్నాడు ఆత్రంగా.

అడవి సంతకం గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. కాగితం, కలం లేనిచోట ప్రతి జంతువూ ప్రకృతి ఇచ్చిన సిరాతోనే సంతకం పెడుతుంది. కొందరు కాలెత్తి, కొందరు వెనక్కి తిరిగి, కొందరు కూర్చుని. ఎవరి వాసన వారిది కాబట్టి దొంగ సంతకాలుండవు. దేని గురించి తీర్మానమో దాని మీదే పెట్టడం ఆచారం. చెట్టు తగాదా అయితే చెట్టు మీద, గుహ వాటా అయితే గుహ గుమ్మం మీద. ఆ లెక్కన తివాచీ తీర్మానానికి సంతకం ఎక్కడ పెట్టాలో అందరికీ తెలుసు. కంబళయ్యకే ఆలస్యంగా తట్టింది.

"తివాచీ మీదా? మొదటి నియమం మాటేమిటి?"

సూక్ష్మమ్మ నవ్వింది. "నియమంలో వద్దన్నది తడి చేయడం. మనం చేసేది తడి కాదు, సంతకం. మీ సర్కస్ న్యాయశాస్త్రం చెప్పే కాలేజీ వెనక ఆగి ఉంటే మీకీ సందేహం వచ్చేది కాదు బాబాయిగారూ."

సభంతా నవ్వింది. కంబళయ్యకి చెవులు వేడెక్కాయి. తడి తడేనని, ఒకసారి వాసన పడ్డ చోటికే మళ్ళీ మళ్ళీ అందరూ వస్తారని చెబుదామనుకున్నాడు. అంతలో భూషణం లేచి, "ఇంత పనితనం చూపించిన శాస్త్రజ్ఞుడు మన కంబళయ్యగారు. మొదటి సంతకం వారిదే," అన్నాడు.

శాస్త్రజ్ఞుడు! ఆ మాటతో ఆయన తలలో ఉన్న కెమిస్ట్రీ అంతా ఆవిరైపోయింది.

"అబ్బే, పెద్దలు మీరుండగా నేనా," అంటూ వెనక్కి జరుగుతూ జరుగుతూ సరిగ్గా ఎర్రమచ్చ మీదికి చేరుకున్నాడు.

వయసులో ఉండగా ఆయన ఒక్క గీతలో సంతకం పెట్టేవాడు. ఇప్పుడు చాలాసేపు ఏమీ రాదు. సభంతా మర్యాదగా ఆకాశంకేసి చూసింది. వచ్చాకైనా ముక్కలు ముక్కలుగా వస్తుంది. అయిపోయిందనుకుని పక్కకి జరిగితే ఇంకో అక్షరం.

తర్వాత భూషణం లేచాడు. ఉపాధ్యక్షుడి సంతకం కార్యదర్శి సంతకానికి పైన ఉండాలని దాని మీదే పెట్టాడు. కుందేళ్ళు ఉమ్మడిగా పెట్టాయి. ముళ్ళపంది మొదటిది సరిగ్గా పడలేదని రెండోది పెట్టింది. సూక్ష్మమ్మ మధ్యలో ఒకటి, కొసన ఒకటి, అంచు మీద ఒకటి పెట్టింది. ముఖ్యమైన దస్తావేజుకి ప్రతి పుటలోనూ ఉండాలట.

అంతలో గోడ కూలిన వైపు నుంచి ఏనుగు వచ్చాడు.

"నా సంతకం లేకుండానే మూసేస్తున్నారా?"

"అయ్యో, మీరు వేలిముద్ర వేస్తే చాలండీ," అన్నాడు కంబళయ్య చేతులు జోడించి.

"నేనేమైనా చదువురానివాణ్ణా?" అన్నాడు ఏనుగు.

కుందేళ్ళు కిటికీలెక్కాయి.

సరిగ్గా అప్పుడే అధ్యక్షులు జూలేశ్వర్రావుగారు వచ్చారు. గంభీరంగా నడిచివచ్చి తివాచీ మీద మొదటి అడుగు వేశారు. చపక్‌మని చప్పుడైంది.

"ఏమిటిది?"

"ధ్రువీకరణ, అధ్యక్షా," అన్నాడు భూషణం గర్వంగా. "ఇక్కడున్న మరక పోయిందని, తివాచీ మీద ఎలాంటి వాసనా లేదని సభ ఏకగ్రీవంగా ధ్రువీకరించింది."

సింహం ముక్కు మీద పంజా పెట్టుకున్నాడు. కాసేపటికి తీసి, వంగి, ఒక్కొక్కటే వాసన చూశాడు. "భూషణం, ఇది నీది. సూక్ష్మమ్మా, ఇది నీది. ఇదీ నీదే. అదీ నీదే." ఏనుగు వైపు చూసి, "నీది అడగక్కర్లేదు," అన్నాడు.

"అధ్యక్షా, అవి న్యాయరీత్యా సంతకాలు..."

"నా పాదం తడిసిందా లేదా?"

సూక్ష్మమ్మ తల దించుకుంది. "తడిసింది."

"అయితే తడే."

అందర్నీ ఏరు దాటిస్తే తాను ఎవరికి అధ్యక్షుడని సింహం లోపల ఆలోచించుకున్నాడు. "మీ పదవులన్నీ రద్దు," అన్నాడు. "ఏరు దాటించేది మాత్రం దీనికంతటికీ మూలమైనవాణ్ణే. ఆ మొదటి మరక ఎవరిది?"

సభంతా కంబళయ్య వైపు తిరిగింది. సింహం మళ్ళీ వంగి, పైనా కిందా, అడ్డంగా నిలువుగా వాసన చూశాడు. అందరూ దొరికారు, బొబ్బట్టు దొరకలేదు.

సింహం ముక్కుకి కూడా దొరకలేదు! కంబళయ్య ఒళ్ళు పులకరించింది. ఎలా చేశాడో చెప్పకపోతే ఊపిరాడేలా లేదు. పరదా, నిమ్మరసం, వంటసోడా, అన్నీ నాలుక చివరికి వచ్చేశాయి.

"మా కాలేజీలో..."

గుమ్మం దగ్గర బొబ్బట్టు తల ఒక పక్కకి వాల్చి వింటోంది. ఈసారి ఆయన చేతిలో తేనెపట్టు లేదు.

కంబళయ్య నోరు మూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక ఉపన్యాసాన్ని మింగాడు.

"నాదే అధ్యక్షా. వయసు మీద పడింది. ఇందాక సభంతా చూసింది కదా, ఆ విషయంలో నా చేతిలో ఏమీ లేదు."

సభంతా జాలిగా తలలూపింది. ఒక్కరైనా అనుమానించలేదు. అబద్ధం ఇంత తేలిగ్గా నమ్మేసినందుకు ఆయనకి కాస్త కష్టంగానే తోచింది.

సింహం నిట్టూర్చి చుట్టూ చూశాడు. "ఈ తివాచీ మీద వాసన లేనివాళ్ళు ఇక్కడ ఒక్కరైనా ఉన్నారా?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గుమ్మం బయట తోక చప్పుడు వినబడింది.

"అదిగో," అన్నాడు సింహం. "తివాచీ మర్యాద తెలిసిన ప్రాణి ఈ అడవి మొత్తానికి అదొక్కటే. ఇకనుంచి అదే మన కార్యదర్శి."

"నమస్కారం బొబ్బట్టుగారూ!" అంది సూక్ష్మమ్మ అందరికంటే ముందు.

"కార్యదర్శిగారూ, ఈ ముసలాయన్ని ఏరు దాటించే ఏర్పాటు చూడండి."

కొత్త కార్యదర్శి తివాచీకి దూరంగా చుట్టూ తిరిగి వచ్చి, కంబళయ్య పాదం మీద కూర్చుంది. ఆయన్ని పట్టుకోబోయిన భూషణాన్ని చూసి పళ్ళు బయటపెట్టి గుర్రుమంది. పాలపళ్ళేగాని భూషణం ఆగిపోయాడు.

సూక్ష్మమ్మ గొంతు సవరించుకుంది. "అధ్యక్షా, కార్యదర్శిగారి ఉద్దేశం నాకర్థమైంది. ఈయన్ని పెంచుకుంటామంటున్నారు. పెంపుడు జంతువుకి యజమాని పూచీ ఉంటే ఏరు దాటించక్కర్లేదు."

"సరే," అన్నాడు సింహం, తడిసిన పాదం విదిలించుకుంటూ. "సభకి తెచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్తగా చూసుకోమనండి."

తివాచీని ఏటి ఒడ్డుకి ఈడ్చుకెళ్ళారు. "ముందు అద్దాలయ్యా, రుద్దకండి," అని కంబళయ్య మొత్తుకుంటూనే ఉన్నాడు. పెంపుడు జంతువు మాట ఎవరు వింటారు? అందరూ కలిసి బాగా రుద్దారు.

ఇప్పటికీ సభ రోజున బొబ్బట్టుగారు ముందు నడుస్తారు, కంబళయ్య వెనక నడుస్తాడు. బంగళా బయట టేకుమోడు దగ్గర ఇద్దరూ ఆగుతారు. ఆయన పని ముగిసేదాకా బొబ్బట్టుగారు మర్యాదగా ఆకాశంకేసి చూస్తుంటారు. చాలాసేపే పడుతుంది.

"అయిపోయిందిలే, పద," అంటాడు కంబళయ్య.

బొబ్బట్టుగారు కదలరు. ఇంకో అక్షరం ఉందని వారికి తెలుసు.

ఇందులో నీతి కావాలనేవాళ్ళకి: మంచి పని చేసేటప్పుడు దొరికిపోకుండా చేసుకోవాలి.