చరిత్ర మరమ్మతు సంఘం

మన పట్టణంలో ఎన్నికలు ఆగిపోయాయని కొందరు గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. అది శుద్ధ అబద్ధం. ఎన్నికలు ఆగలేదు. వాటిని గతంలో జరిపించడానికి ఏర్పాట్లు చురుగ్గా సాగుతున్నాయి.

పట్టణ అధ్యక్షులవారి వాదన ఎంత గట్టిదంటే, ఆయన పదవీకాలం ఎప్పుడో అరిగిపోయినా అది మాత్రం చెక్కుచెదరలేదు. ఈపాటికి లోకమంతా ప్రజాస్వామ్యం విరగకాసి, ప్రతి వంటింట్లో గిన్నెలు నిండుగా ఉండాలి. లేవంటే చరిత్ర ఎక్కడో దారి తప్పినట్టే. ఆ మలుపేదో తేల్చకుండా ఓట్లేస్తే మళ్లీ అదే గోతిలో పడమూ? అందుకని నిపుణుల సంఘం వేశారు.

సంఘం పద్ధతి ఒక్కటే: ఏ తప్పు దొరికినా, దానికి ముందు తప్పు వెతకడం. మొదట యుద్ధంలో ఓడిన రాజుది నేరమన్నారు. తర్వాత ఆ రాజుకు గుర్రం అమ్మినవాడిదన్నారు. ఆవిరి యంత్రం మన పొయ్యి మీదే పుట్టాల్సిందనీ, ఎవరో ఇల్లాలు ఎగిరే మూత మీద రాయి పెట్టి దేశాభివృద్ధిని అణిచేసిందనీ ఒక పండితుడు కంటతడి పెట్టాడు. సభ లేచి మౌనం పాటించింది. ప్రస్తుతం విచారణ మనిషి రెండు కాళ్ల మీద నిలబడిన రోజుకు చేరింది. చేతులు ఖాళీ అయ్యాకే వాటిని ఎత్తి ఓటెయ్యాలన్న దుర్బుద్ధి పుట్టిందట.

సంఘం కూర్చునే మేడ కింద దర్జీ అక్క కొట్టుంది. పైన మరుగుదొడ్డి గొట్టం పగిలి, నీళ్లు సరాసరి ఆమె మిషను మీద పడుతున్నాయి. కుట్టిన చొక్కాలకు మరకలు, వచ్చిన బేరం వెనక్కి. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే కొట్టు మూసుకోవాల్సిందే. ఆమె మెట్లెక్కింది.

"అయ్యా, గొట్టం బాగుచేయించండి. కాదంటే ఎన్నికలు పెట్టండి, చేయించేవాణ్ణి మేమే తెచ్చుకుంటాం."

"పిచ్చితల్లీ! మేం సవరించిన చరిత్రలో ఆ గొట్టం పగల్లేదు. నీకక్కడ పెద్ద కుట్టు కార్ఖానా ఉంది. ఇంకా ఏం కావాలి?" అన్నారు అధ్యక్షులవారు.

"అయితే తమరు ఆ చరిత్రలోనే దొడ్డికి వెళ్లండి అయ్యా! ఇక్కడ వెళ్తే నా నెత్తిన పడుతోంది."

దీన్ని 'పాలనలో మహిళల భాగస్వామ్యం' కింద నమోదు చేశారు.

ఆమె ఊరుకునే రకం కాదు. ఆ సాయంత్రమే వీధిలో స్టూలెక్కి మమ్మల్నందర్నీ పిలిచింది.

"మనమే పెట్టుకుందాం ఎన్నికలు. నాతో మేడెక్కేదెవరో చేతులెత్తండి!"

టీకొట్టు బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "ఈ ముక్క నిరుడు అడగాల్సిందమ్మాయ్. అప్పుడు నా మోకాళ్లు మెట్లెక్కేవి."

"నిరుడు గొట్టం పగల్లేదు కదా బాబాయ్!"

"అదే మరి, అప్పుడే పగిలుంటే..."

తప్పు నిరుటిది కాదు, ముందటేడుదన్నాడు మందుల షాపాయన. కాదు, మేడ కట్టిన మేస్త్రీదన్నాను నేను. మేస్త్రీని కన్నవాళ్లదాకా వెళ్లాం. చర్చ చాలా ఉన్నత స్థాయిలో జరిగింది. దర్జీ అక్క స్టూలు దిగి ఎప్పుడు వెళ్లిపోయిందో ఎవరమూ చూడలేదు.

ఇప్పుడా కొట్టుకు తాళం వేలాడుతోంది. మేమేం రాతిగుండెవాళ్లం కాదు. వీధంతా సమావేశమై, ఆ రోజు మనం చేతులెత్తి ఉండాల్సిందని ఏకగ్రీవంగా తీర్మానించాం.

చేతులెత్తే తీర్మానించాం.